పసుపు రాసిన పక్క తలుపు

జర్మనీ దేశంలో ఒక పెద్ద హోటల్లో మూడు వారాలు ఉండి వచ్చానంటే మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. మనవరాలు పలక ముందు పెట్టి, "అవ్వా, ముందుగాల ఏం నేర్చుకుంటవ్?" అని అడిగితే అంకెలు చెప్పమన్నాను. పేరు రాసుకోవడం తర్వాత చూద్దామన్నాను. ఎందుకని అది అడిగింది, నేను చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, చదువుకోనీ.

మాది మోత్కూరు దగ్గర ఊరు. మా అత్త చేసే పనే నాకు వచ్చింది. బాలెంతలకు నూనె రాసి నీళ్లు పోయాలి, పసిపిల్లలను కాళ్ల మీద వేసుకొని తానం చేయించాలి, మెడ పట్టినా నడుము పట్టినా సవరించాలి. ఇంట్లో ఎవరైనా పోతే మూడు రాళ్ల పొయ్యి పెట్టి చివరి నీళ్లు కాచేదీ నేనే. పుట్టినవాళ్లకూ పోయినవాళ్లకూ నీళ్ల వేడి ఒకటే. మోచేయి ముంచి చూస్తే తెలుస్తుంది.

మా ఊరి దొరసానికి మోకాళ్లు పట్టేశాయి. అప్పటికి ఆమెకు యాభై దాటాయి, దొర పోయి చాలా ఏళ్లయింది. వెట్టి పోయిందని అందరూ అన్నారు గాని, గడీ నుంచి కబురు వస్తే పోయే అలవాటు నా కాళ్లకు పోలేదు. రోజూ పొద్దున పోయి ఆమె మోకాళ్లకు ఆముదం కాచి రాసేదాన్ని. ఆమె పుట్టిల్లు పాలమూరు. అక్కడి దవాఖానలో చూపించారు, హైదరాబాదులో చూపించారు. గోలీలు మింగి కడుపు పాడైంది గాని మోకాళ్లు వంగలేదు.

ఆమె తమ్ముడు జర్మనీలో ఇనుము కార్ఖానాలో ఇంజనీరు. అతను ఉత్తరం రాశాడు. అక్కడ ఒక పట్నంలో భూమిలోంచి వేడినీళ్లు వస్తాయట, ఆ నీళ్ల మీదే హోటళ్లు కట్టారట, కీళ్ల నొప్పులవాళ్లు నాలుగు వారాలు ఉండి నడుచుకుంటూ పోతారట. దొరసాని ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకొని నన్ను పిలిచింది.

"ఏమే, జర్మనీ పోదాం నడువు."

"నేనెందుకు దొరసాని? నాకు ఆడి మాట రాదు, కూడు రాదు."

"నాకొస్తదా? నా మోకాళ్లు నీకే ఎరుక. ఆడ ఎవతో పట్టుకుంటే నేను ఊకుంటనా?"

పోవడానికి నాలుగు రోజుల ముందు గది తలుపు మూయించి నా చేతిలో ఒక చిన్న రాగి బుడ్డి పెట్టింది. మూతకు లక్క పోసి ఉంది. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోట ముంచి తెప్పించిన నీళ్లు.

"ఆ దేశంల సచ్చినోళ్లను మట్టిల పెడతరట" అంది. "నన్ను ఆ మట్టిల పెట్టనియ్యకు. పాణం పోయేటప్పుడు గీ నీళ్లు నోట్ల పొయ్యి. పోయినంక నా బొక్కలు తెచ్చి వాడపల్లిల కలుపు. చెయ్యి వట్టి చెప్పు."

"మోకాళ్ల నొప్పికి ఎవలన్న సస్తరా దొరసాని?"

"నోరు మూసుకొని చెయ్యి వట్టు."

పట్టాను. ఆ క్షణం నుంచి నాకు ఒకటే భయం. ఈమె అక్కడ పోతే నేను మాట నిలబెట్టుకోవడం ఎట్లా? అసలు నేను తిరిగి రావడం ఎట్లా? నాకు ఆ ఊరి పేరు నోరు తిరగదు. కాగితాల మీద వేలిముద్ర వేసి పోతున్నదాన్ని. ఆమె బతికి ఉంటేనే నాకు తొవ్వ. రాగి బుడ్డిని నడుముకు కట్టుకునే సంచిలో పెట్టుకున్నాను. ఉన్నన్ని రోజులూ అది నా ఒంటిని వదలలేదు.

విమానం సంగతి రాయను. కళ్లు మూసుకొని కూర్చున్నాను, అంతే.

హోటలు నాలుగంతస్తులు. మేము మూడో అంతస్తులో ఉన్నాం. అర్రలోకి పోగానే దొరసాని సూర్యుడు ఎటు పొడుస్తాడని వెంట వచ్చిన తమ్ముణ్ని అడిగింది. మంచం తల ఉత్తరానికి ఉంది. "బతికున్న మనిషిని ఉత్తరం తల పెట్టి పండవెడతారురా?" అని కసిరి మంచం తిప్పించింది. హోటలువాళ్లు మొహాలు చూసుకొని తూర్పుకు తిప్పారు. అతను మమ్మల్ని దింపి కార్ఖానాకు పోయాడు. వారానికి ఒక రోజు, ఆదివారం, వస్తానన్నాడు.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. అర్ర శుభ్రంగా ఉంది. పరుపు మెత్తగా ఉంది, నాకు నడుము నొప్పి వచ్చి నేల మీద పడుకున్నాను. దొడ్డికి పోతే నీళ్లు లేవు, కాగితం ఉంది. దొరసాని ఇంటి నుంచి ఇత్తడి చెంబు తెచ్చుకుంది కాబట్టి బతికాం. పొద్దున రొట్టె, మధ్యాహ్నం ఉడకబెట్టిన ఆలుగడ్డ, సాయంత్రం మళ్లీ చల్లటి రొట్టె. మామిడికాయ తొక్కు జాడీ ఒకటి వెంట ఉంది. అది తెరిస్తే పక్క బల్లల వాళ్లు లేచి దూరం జరిగేవాళ్లు. తాగమని ఇచ్చే నీళ్లు మురిగిన గుడ్డు వాసన. డబ్బులిచ్చి అవి తాగడానికి మనుషులు బారులు కట్టి నిలబడేవాళ్లు.

నీళ్లు పోయడం వాళ్లకు రాదు. మనిషిని తీసుకుపోయి నీళ్లలో పెడతారు, అంతే. నీళ్లు పైనుంచి పడుతుంటే చేయి వెంట తిరగాలి, నొప్పి ఎక్కడుందో చేయి చెబుతుంది. అక్కడ చేయి లేదు. ఆవిరి అర్రలో ముసలమ్మలు బట్ట లేకుండా వరుసగా చెక్కల మీద కూర్చునేవాళ్లు. సిగ్గుపడింది నేనొక్కదాన్నే. నిజం చెప్పాలంటే అది సిగ్గు కాదు. ఆడవాళ్ల ఒళ్లు నేను చూడనివి కావు. నా చేతి కింద పడుకున్న ఏ ఆడమనిషైనా మూలుగుతుంది, తిడుతుంది, అత్త మీద చాడీలు చెబుతుంది. ఒక్క మాట లేని ఒళ్లు నేను చూశానంటే అది పాణం పోయిన ఒళ్లే. ఇక్కడ ఇరవై మంది అట్లా కూర్చున్నారు, కళ్లు తెరుచుకొని.

మా దొరసానికి రాసిన వైద్యం బురద. నల్లటి బురదను కాచి నడుము నుంచి కాళ్ల దాకా మెత్తుతారు. కడిగేశాక తెల్ల దుప్పటిలో మెడ దాకా బిగించి చుడతారు. చేతులు లోపలే. చెమట పోయాలని మొహం మీద పలచటి తెల్లబట్ట వేస్తారు. అట్లాగే చక్రాల బల్ల మీద అర్రకు తెచ్చి మంచం మీదికి జరిపి, తెరలు మూసి పోతారు. గంటసేపు కదలకూడదు.

మొదటి రోజు అది చూసి మంచం తల దగ్గరికి పోయి నిలబడ్డాను. తానం చేయించి, తెల్లబట్ట చుట్టి, మొహం కప్పి. ఆ పని నేను మా ఊళ్లో ఎంతమందికి చేశానో.

"దొరసాని, ఊపిరాడుతుందా?"

బట్ట కిందినుంచి, "ఆడుతుంది గాని నువ్వు నా నెత్తి మీద నిలబడకు" అంది. అప్పుడు నాకు నెమ్మదించింది.

మధ్యాహ్నం తిన్నాక రెండు గంటలు హోటలంతా పడుకోవాలి. అది అక్కడి నియమం. బయట ఎండ ఫెళ్లున కాస్తుంటుంది, లోపల తెరలు మూసేస్తారు. నడవాలో తివాచీ పరిచి ఉంటుంది, అడుగు చప్పుడు నాకే వినపడదు. ఒకసారి నేను దగ్గితే తెల్ల గౌను వేసుకున్న పనామె ఎక్కడినుంచో వచ్చి పెదాల మీద వేలు పెట్టింది. ఆ రెండు గంటల్లో ఒక్కోసారి నడవా చివర ఉన్న వెనక లిఫ్టు తలుపు తెరుచుకొని మూసుకునేది. ఎవరూ దిగినట్టు ఉండేది కాదు. ఎండాకాలం కాబట్టి పొద్దు గూకేది కూడా కాదు. ఎనిమిది దాటినా వెలుగే. అయినా తెరలు మూసుకొని పడుకునేవాళ్లు. ఇంత పెద్ద ఇంట్లో ఒక పిల్ల ఏడుపు లేదు, ఒక కుక్క అరుపు లేదు. మా ఊళ్లో ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే నలుగురు వచ్చి ఏమైందని అడుగుతారు.

నాకున్న పెద్ద తంటా తలుపులు. అన్నీ ఒకే రంగు, ఒకే తీరు. మీద ఇత్తడి అంకెలు. నాకు అంకెలు రావు. రెండుసార్లు వేరే అర్రల్లోకి పోయి తిట్లు తిన్నాను. భాష తెలియకపోయినా తిట్టు తెలుస్తుంది. శుక్రవారం నాడు దొరసాని పూజకు తెచ్చుకున్న పసుపు కొంచెం తడిపి మా తలుపు కింద గడపంత మేర రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టాను.

"వాళ్ల ఇంటికి మనం పసుపు రాసుడేందే?" అంది దొరసాని.

"మన అర్ర నాకు ఎరుక పడాలె గద. ఊకెనే ఇంకొగామె మీద పోయి పడితే మీకే తలవంపులు."

"రాయి రాయి. నీకు గుర్తు, నాకు శుభం."

పొద్దున పనామె తుడిచేసేది. ఆమె తుడిచి పోయాక నేను మళ్లీ రాసేదాన్ని. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోకుండా రోజూ ఇదే పని.

పక్క అర్రలో ఒక ముసలామె ఉండేది. ఎనభై ఉంటాయేమో. బొక్కల మీద తోలు. ఆమె దగ్గరికి ఎవరైనా రావడం నేను చూడలేదు. నేను పసుపు రాస్తున్నప్పుడు తలుపు ఓరగా తీసి చూసేది. నేను గంటకోసారి నీళ్లకనీ, చెంబుకనీ, దొరసాని పిలిచిందనీ ఆ తలుపు తోసుకొని లోపలికీ బయటికీ తిరుగుతుంటాను గదా, అదంతా నిలబడి చూసేది. ఒకరోజు బయటికి వచ్చి, వంగి, మా పసుపును వేలితో తాకి వాసన చూసింది. తర్వాత నా చేతిలోని గిన్నెను చూపించి, తన తలుపును చూపించింది. తన తలుపు దాకా మరక అంటిందని కోపంగా ఉందనుకున్నాను. కొంగుతో నేల తుడిచి దండం పెట్టి లోపలికి పోయాను. ఆమె అక్కడే నిలబడి ఉంది.

రెండో వారానికి దొరసాని మారింది. నన్ను తిట్టడం తగ్గింది. తొక్కు వద్దంది. నేను మోకాలు పట్టుకొని మాట్లాడించబోతే, "ఊకో" అనేది, అదీ మెల్లగా, వాళ్లలాగే. ఒకరోజు నేను లోపలికి పోయేసరికి కుర్చీలో కూర్చొని గోడకేసి చూస్తూ ఉంది. "దొరసాని" అని మూడుసార్లు పిలిస్తే గాని తిరగలేదు. ఆవిరి అర్రలోని ముసలమ్మల కళ్లు గుర్తొచ్చాయి. నడుము సంచి తడుముకున్నాను. బుడ్డి ఉంది.

మూడో వారంలో ఒకనాడు బురద వైద్యం ఆలస్యమై మధ్యాహ్నానికి జరిగింది. దొరసానిని చుట్టి పైకి తెచ్చి అర్రలో పడుకోబెట్టారు. గంట అయ్యాక తాగడానికి ఆ కంపు నీళ్లు కావాలి కాబట్టి గ్లాసు పట్టుకొని నేను కిందికి పోయాను. నీళ్ల దగ్గర ఎవరూ లేరు. అందరూ పడుకునే వేళ. మెట్లెక్కి మూడో అంతస్తుకు వచ్చాను. పసుపు ఉన్న తలుపు చూసుకొని తోశాను.

తెరలు మూసి ఉన్నాయి. మంచం మీద తెల్ల దుప్పటి చుట్టి ఉంది, మొహం మీద తెల్లబట్ట ఉంది. కాని మంచం తిరిగి ఉంది. తల ఉత్తరానికి ఉంది.

మా దిక్కు పాణం పోయాకే మనిషి తలను ఉత్తరానికి తిప్పుతాం.

తల దగ్గర చిన్న దీపం వెలుగుతోంది. పట్టపగలు. పోయినవాళ్ల తల దగ్గర పెట్టినట్టే. తొక్కు జాడీ లేదు. ఇత్తడి చెంబు లేదు. దేవుడి పటం లేదు. సామాను కూడా అప్పుడే తీసేశారనుకున్నాను. ఎంత తొందర వీళ్లకు.

"దొరసాని" అన్నాను. కదల్లేదు. మళ్లీ అన్నాను. బట్ట కింద ఊపిరి ఉందో లేదో ఆ వెలుతురులో తెలియలేదు.

నేను ఏడవలేదు. ఏడిస్తే ఎవరైనా వస్తారు, వస్తే తీసుకుపోతారు, తీసుకుపోతే మట్టిలో పెడతారు. నా బుర్రలో ఇదొక్కటే తిరిగింది. ఆదివారం దాకా తమ్ముడు రాడు. అప్పటిదాకా ఈ తలుపుకు అడ్డం పడుకోవాలి. ముందు చేయాల్సిన పని చేయాలి. గ్లాసు కింద పెట్టి, కొంగు అంచు చింపి, దుప్పటి కింది నుంచి కాళ్లు బయటికి తీసి రెండు బొటనవేళ్లు కలిపి కట్టాను. కాళ్లు చల్లగా ఉన్నాయి. చాలా సన్నగా ఉన్నాయి. వాపు దిగిందనుకున్నాను. నా చేయి రోజూ పట్టే కాళ్లను నా చేయే పోల్చుకోలేదు. అది ఇప్పటికీ నాకు నామోషీ.

తల దగ్గరికి వచ్చి రాగి బుడ్డి లక్క పళ్లతో కొరికి తీశాను. మొహం మీద బట్ట ఎత్తాను.

తెల్లటి మొహం. నీలం కళ్లు. తెరుచుకొని నన్నే చూస్తున్నాయి.

నాకు అరుపు రాలేదు. ఆమె కూడా అరవలేదు. ఎవరో కాళ్లు కట్టారని గాని, పరాయి మనిషి నెత్తి మీద నిలబడిందని గాని ఆ మొహంలో లేదు. నేను వస్తానని ఎదురుచూస్తున్నట్టు ఉంది. నా చేతిలోని బుడ్డిని చూసింది. నోరు తెరిచింది.

నేను ఆగి ఉండాల్సింది. అవి ఎవరి నీళ్లో నాకు తెలుసు. కాని నోరు తెరిచిన మనిషి ముందు నీళ్లు పట్టుకొని నిలబడటం నా చేతికి అలవాటు లేదు. పోశాను. మెల్లగా, మూడు గుక్కలు. ఆమె మింగింది. బుడ్డి ఖాళీ అయింది.

అప్పుడు దుప్పటి లోపలి నుంచి ఒక చేయి మెల్లగా బయటికి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆ చూపుడు వేలికి పసుపు ఉంది. గోరు సందు దాకా.

ఎంతసేపు పట్టుకుందో తెలియదు. పట్టు వదులయ్యాక నేను వెనక్కి నడిచి నడవాలోకి వచ్చాను. పక్క తలుపు కింద చూశాను. శుభ్రంగా తుడిచి ఉంది. పొద్దున పనామె తుడిచాక నేను మళ్లీ రాయడం మర్చిపోయాను. మా తలుపు అది. నేను వచ్చింది పక్క అర్ర ముసలామె తలుపులోంచి, పసుపు ఉన్నది దాని కిందే.

మా అర్ర లోపలి నుంచి ఆ మూడో అంతస్తంతా వినపడేలా ఒక కేక వచ్చింది.

"ఏడ సచ్చినవే! గంటసేపాయె! నన్ను గిట్ల మూట గట్టి పడేసి నువ్వు ఊరు తిరగవోయినవా?"

ఆ తిట్టు విన్నప్పుడు నాకు కన్నీళ్లు వచ్చాయి. లోపలికి పోయి దుప్పటి విప్పాను. తొక్కు జాడీ ఉంది, చెంబు ఉంది, మంచం తల తూర్పుకే ఉంది. ఆమె నా మొహం చూసి, "ఏమైందే?" అంది. చెప్పాను. ఏదీ దాచలేదు. బుడ్డి చూపించాను.

చాలాసేపు ఆ బుడ్డిని చేతిలో తిప్పింది. బోర్లించి చూసింది. ఒక్క చుక్క కూడా రాలలేదు.

"నా నీళ్లు ఎవతికో పోసినవా?"

"నోరు తెరిచింది దొరసాని."

"నోరు తెరిస్తే పోస్తవా?"

"మీరైతే పొయ్యరా?"

దొరసాని మంచం పట్టె పట్టుకొని లేచింది. నేను చేయి అందిస్తే తోసేసింది. ఒక్కో అడుగే వేసుకుంటూ తలుపు దాకా పోయి, గొళ్లెం పట్టుకొని నిలబడి, అంది:

"ఇగ నేను ఈడ సావడానికి లేదు. నీళ్లే లేకపాయె. ఆదివారం వాడు రాంగనే పోదాం. సామాను సదురు."

మోకాళ్లు బురదతో నయమయ్యాయా, భయంతో నయమయ్యాయా అని ఊళ్లో అడిగేవాళ్లు. నాకు తెలియదు. పూర్తిగా నయం కాలేదు. ఆనాడు మాత్రం తలుపు దాకా నడిచింది.

మర్నాడు మధ్యాహ్నం, అందరూ పడుకునే వేళ, నడవాలో వెనక లిఫ్టు తలుపు చప్పుడు విన్నాను. కొంచెం ఆగి తలుపు తీసి చూశాను. పక్క అర్ర తెరిచి ఉంది. తెరలు తీసేసి ఉన్నాయి, ఎండ లోపల పడుతోంది. మంచం మీద పరుపు ఒట్టిదే ఉంది. పనామె మోకాళ్ల మీద కూర్చొని తలుపు కింద పసుపు తుడుస్తోంది. నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టింది. నేను అక్కడే నిలబడ్డాను. బొటనవేళ్ల కట్టు నేను విప్పకుండానే వచ్చేశానని అప్పుడు గుర్తొచ్చింది.

ఆదివారం తమ్ముడు కింద బల్ల దగ్గర అడిగి వచ్చాడు. ఆ ముసలామె చలికాలం నుంచీ అక్కడే ఉందట, ఆమెకూ అదే బురద వైద్యమట. పోయిందట. మిగతావాళ్లు దిగులుపడతారని ఎవరికీ చెప్పరట, ఎవరైనా పోతే జనం పడుకున్న వేళ వెనక నుంచి దింపేస్తారట.

"ఆమె తలుపుకు పసుపెందుకు రాసుకున్నదని అడుగలేదా?" అన్నాను.

"వాళ్లకేం ఎరుకమ్మా" అన్నాడు.

నాకూ తెలియదు. పొద్దున పనామె తుడవక ముందే మా పసుపును వేలితో తీసి పెట్టుకొని, ఆమె పోయాక తన తలుపుకు రాసుకుందేమో. ఆ గుర్తు ఉన్న తలుపులోకి గంటకోసారి ఒక మనిషి వస్తుందని చూసి చూసి లెక్క కట్టుకుందేమో. గిన్నె చూపించి తలుపు చూపించినప్పుడు అడిగింది అదేనేమో. నేను నేల తుడిచి దండం పెట్టి వచ్చాను.

ఇంటికి వచ్చాక దొరసాని ఇంకో నాలుగేళ్లు బతికింది. వచ్చిన నెలలోనే బండి కట్టించుకొని వాడపల్లి పోయి, కర్ర పట్టుకొని తనే రేవులో దిగి, బుడ్డి ముంచుకొని వచ్చింది. ఈసారి లక్క పోయించలేదు. "నీకు పళ్లు మిగలాలె గద" అంది.

ఆమె పోయిన రోజు పొద్దున నేను పక్కనే ఉన్నాను. బుడ్డిలో నీళ్లు నోట్లో పోశాను. మూడు గుక్కలు పోలేదు, రెండే పోయాయి. మిగిలిన గుక్క వాకిట్లో ఒక మూల పోశాను. ఎవరికని ఎవరూ అడగలేదు. తర్వాత పొయ్యి పెట్టి నీళ్లు కాచి, మోచేయి ముంచి చూసి, తానం చేయించాను, ఇంటివాళ్లు తెల్లబట్ట కప్పారు. బొటనవేళ్లు కట్టడానికి దారం నా చేతికి ఇచ్చారు.

నేను దారం పక్కన పెట్టి, ముందు తల దగ్గరికి పోయి మొహం మీద బట్ట ఎత్తాను.

"కప్పినంక మళ్ల ఎత్తుతరా?" అని ఇంటివాళ్లు కసిరారు.

ఎత్తాను. ఆమే. కళ్లు మూసుకొని ఉన్నాయి. అప్పుడు బట్ట కప్పి, కాళ్ల దగ్గరికి వచ్చి దారం కట్టాను. ఆనాటి నుంచి ఎవరికి కట్టినా మొహం చూసే కట్టాను.